తీపి పోదు, కట్టు పోతుంది

"ఎంజైమ్ చర్యావేగాన్ని ప్రభావితం చేసే అంశాలు ఏవి?" ఈ ప్రశ్న రాయకుండా ఇంటర్ దాటినవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? ఉష్ణోగ్రత, పీహెచ్, సబ్‌స్ట్రేట్ గాఢత, ఎంజైమ్ గాఢత, ఇన్‌హిబిటర్లు. అయిదు పాయింట్లు, గంట ఆకారంలో ఒక గ్రాఫు, కింద గీత. నేను మూడో ఏడాది కెమికల్ ఇంజనీరింగ్‌లో బయోకెమికల్ ఎలెక్టివ్ తీసుకున్నాక అదే ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి పక్కన సమీకరణాలు కూడా ఉన్నాయి.

మాది నర్సీపట్నం దగ్గర, నాతవరం వైపు ఒక ఊరు. తాండవ కాలువ నీళ్ళతో వరి, చెరకు పండే నేల. మా తాతయ్యకి గానుగ ఉండేది. ముందు ఎద్దుల గానుగ, తర్వాత డీజిల్ ఇంజన్, నాకు ఊహ వచ్చేసరికి కరెంటు మోటారు. ఆయన ఎంజైమ్ అనే మాట ఎప్పుడూ విని ఉండడు. కానీ నా సిలబస్‌లోని ఆ అయిదు పాయింట్లూ ఆయన పనిలో ఉన్నాయి. అదేదో "మన పూర్వీకులకి అన్నీ తెలుసు" అనే టైపులో చెప్పడం లేదు. ఆయనకి కారణం తెలీదు, ఫలితం మాత్రం కచ్చితంగా తెలుసు. నాకు కారణం పుస్తకంలో దొరికింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం కనిపించిందో చెప్తాను.

తాతయ్య నియమం ఒకటే: పొద్దున్న కోసిన చెరకు ఆ పొద్దు గూకేలోపు గానుగ ఎక్కాలి. మర్నాటికి మిగిలితే ఆయన మొహం మాడిపోయేది. "ఒక్కరోజుకి ఏమవుతుంది తాతా, తీపిగానే ఉంది కదా" అని ఎవరన్నా అంటే ఆయన జవాబు ఇదీ: "తీపికేటమ్మా, ఉంటాది. కట్టు ఉండదు."

ఈ వ్యాసం అంతా ఆ ఒక్క మాట గురించే.

చెరకు రసంలో ఉండే తీపి ఎక్కువ భాగం సుక్రోజ్. ఒక గ్లూకోజ్ అణువు, ఒక ఫ్రక్టోజ్ అణువు చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే సుక్రోజ్. ఇది చక్కగా స్ఫటికాలు కడుతుంది. పంచదార పలుకు అంటే అదే, బెల్లం దిమ్మ గట్టిగా నిలబడటానికి కారణమూ అదే. ఆ చేతులు విడిపోతే మిగిలేది విడివిడి గ్లూకోజ్, ఫ్రక్టోజ్. తీపి ఎక్కడికీ పోదు, పైగా ఫ్రక్టోజ్ సుక్రోజ్ కన్నా తియ్యన. కానీ ఈ మిశ్రమం తేలిగ్గా స్ఫటికం కట్టదు, పక్కనున్న సుక్రోజ్‌ని కూడా సరిగ్గా కట్టనివ్వదు, గాలిలో తేమని లాక్కుంటుంది. అదీ కట్టు పోవడం అంటే.

మరి ఆ చేతులు ఎవరు విడదీస్తారు? నీళ్ళే విడదీయొచ్చు, కానీ వాటికి ఓపిక ఉండాలి. మామూలు ఉష్ణోగ్రత దగ్గర, ఆమ్లం గానీ ఎంజైమ్ గానీ లేని నీటిలో సుక్రోజ్‌ని వదిలేస్తే అందులో సగం విడిపోవడానికి దాదాపు 440 ఏళ్ళు పడుతుందని లెక్కగట్టారు. అంటే శ్రీకృష్ణదేవరాయల తర్వాతి తరాల్లో ఎవరో కలిపిన పానకం ఇవాళ్టికి సగమే విడిపోయి ఉండేదన్నమాట. అదే పని చెరకులోనే ఉండే ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ గంటల్లో, రోజుల్లో చేసేస్తుంది.

ఎలా? నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డు మీలో చాలామంది ఎక్కే ఉంటారు. బయల్దేరే చోటు, చేరే చోటు మారవు. మధ్యలో ఎంత ఎత్తు ఎక్కాలి అన్నదే ప్రశ్న. రసాయన చర్యలో ఆ ఎత్తు పేరు యాక్టివేషన్ ఎనర్జీ. ఎంజైమ్ చేసేది తక్కువ ఎత్తులో ఇంకో దారి చూపించడం, అంతే. చేరే చోటుని అది మార్చలేదు, ఎంత త్వరగా చేరతామో మార్చగలదు. ఇన్వర్టేజ్ ప్రోటీన్‌లో సుక్రోజ్ సరిగ్గా కూర్చునే ఒక గుంట ఉంటుంది. అక్కడ కూర్చోగానే బంధం మీద వత్తిడి పడి తెగుతుంది, ముక్కలు బయటికి పోతాయి, గుంట ఖాళీ అవుతుంది, ఇంకో సుక్రోజ్ వస్తుంది. 1894లో ఎమిల్ ఫిషర్ దీన్నే తాళం, తాళంచెవి అన్నాడు. 1958లో డేనియల్ కోష్లాండ్ వచ్చి తాళం కూడా చెవిని బట్టి కాస్త సర్దుకుంటుంది అన్నాడు. చేతికి తొడుగు సర్దుకున్నట్టు.

పొలంలో నిలబడి ఉన్న చెరకులో కూడా ఈ ఎంజైమ్ ఉంటుంది కదా, మరి అప్పుడు ఎందుకు పాడవదు? మొక్క బతికి ఉండగా ఎక్కడ ఎంత ఎంజైమ్ ఉండాలో అది చూసుకుంటుంది. ఎదిగే లేత కణుపుల్లో ఇన్వర్టేజ్ ఎక్కువ, ఎందుకంటే అక్కడ చక్కెరని విడగొట్టి ఖర్చు పెట్టాలి. పండిన గడలో ఆమ్ల ఇన్వర్టేజ్ తక్కువ, ఎందుకంటే అక్కడ దాచాలి. కత్తి పడ్డాక ఆ అదుపు పోతుంది. గడ ఎండటం మొదలై, ఇన్వర్టేజ్ చురుకుదనం పెరుగుతుంది. కోసిన చోట నుంచి ల్యూకోనోస్టాక్ లాంటి బాక్టీరియా దూరి, తన సొంత ఎంజైమ్‌తో సుక్రోజ్‌ని డెక్స్‌ట్రాన్ అనే జిగురుగా మారుస్తుంది. యజమాని పోయిన ఇంట్లో లోపలివాళ్ళు కొంత, బయటివాళ్ళు కొంత పంచుకున్నట్టు.

ఇప్పుడు 1913కి వెళ్దాం. బెర్లిన్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో లియోనార్ మైకేలిస్, మాడ్ మెంటెన్ అనే ఇద్దరు పనిచేస్తున్నారు. మెంటెన్ కెనడా నుంచి వచ్చిన డాక్టరు. మహిళలు వైద్యంలో ఎండీ చెయ్యడమే అరుదైన కాలంలో 1911లో టొరంటోలో ఎండీ తెచ్చుకున్న మనిషి. మనం ప్రతి సెమిస్టరులో రాసే మైకేలిస్–మెంటెన్ సమీకరణం వీళ్ళదే. అది ఏ ఎంజైమ్ మీద చేసిన పని అని నేను ఎప్పుడూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అది ఇన్వర్టేజే. ఈస్ట్ నుంచి తీసిన ఇన్వర్టేజ్, సబ్‌స్ట్రేట్ సుక్రోజ్. మా తాతయ్య ఏ చర్యని చూసి భయపడ్డాడో, ఆ చర్యనే వాళ్ళు పోలారిమీటర్‌లో గంటల తరబడి కొలిచారు. సుక్రోజ్ ద్రావణం కాంతి తలాన్ని కుడివైపు తిప్పుతుంది, విడిపోయిన మిశ్రమం ఎడమవైపు తిప్పుతుంది. ఇలా తలకిందులు అవుతుంది కాబట్టే ఇన్వర్షన్ అని పేరు, ఎంజైమ్‌కి ఇన్వర్టేజ్ అని పేరు.

వాళ్ళు చూసింది ఏమిటంటే, సుక్రోజ్ పెంచుతూ పోతే వేగం మొదట బాగా పెరుగుతుంది, తర్వాత ఒక గరిష్ఠ వేగం దగ్గర ఆగిపోతుంది. గుంటలన్నీ నిండిపోతే ఇంకా ఎంత చక్కెర పోసినా లాభం లేదు. దీనికి మా వైపు ఉదాహరణ కోసం వెతకక్కర్లేదు. క్రషింగ్ సీజన్‌లో చక్కెర ఫ్యాక్టరీ యార్డుకి వెళ్ళండి. చెరకు దించేచోటు ఒకటో రెండో. పది ట్రాక్టర్లు వస్తే దించే వేగం బాగానే ఉంటుంది. వంద ట్రాక్టర్లు వచ్చినా దించే వేగం అదే, పెరిగేది క్యూ మాత్రమే.

సగం వేగం దగ్గర ఉండే సబ్‌స్ట్రేట్ గాఢతని కేఎం అంటాం. వాళ్ళ ఈస్ట్ ఇన్వర్టేజ్‌కి అది లీటరుకి సుమారు 0.0167 మోల్. ఇప్పుడు చెరకు రసం లెక్క వేద్దాం. లీటరుకి 160 గ్రాముల సుక్రోజ్ అనుకుంటే, అణుభారం 342 కాబట్టి దాదాపు 0.47 మోల్. కేఎంకి 28 రెట్లు. సమీకరణంలో పెడితే వేగం గరిష్ఠంలో 96 శాతం పైనే. ఇంకో తమాషా, రసంలో చక్కెర సగానికి పడిపోయినా వేగం ఇంకా 93 శాతం ఉంటుంది. చెరకు సొంత ఎంజైమ్‌కి అంకెలు వేరుగా ఉంటాయి గానీ, తాత్పర్యం ఒకటే. చక్కెర తక్కువైంది కదా అని అది నెమ్మదించదు.

అంటే యార్డులో రెండు క్యూలు ఉన్నాయి. ట్రాక్టర్ల క్యూ బయటికి కనిపిస్తుంది. ట్రాక్టర్‌లో ఉన్న ప్రతి గడ లోపల ఇంకో క్యూ ఉంది. బయట క్యూ కదలకపోయినా లోపలి క్యూ పూర్తి వేగంతో కదులుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీలో బాయిలర్ ఆగిందని ఇన్వర్టేజ్ ఆగదు.

ఉష్ణోగ్రత సంగతి చూద్దాం. మోటు లెక్కలో ప్రతి 10 డిగ్రీలకి వేగం దాదాపు రెట్టింపు. లంబసింగిలో జనవరి రాత్రి తోడు పెట్టిన పాలు పొద్దున్నకి ఇంకా పాలలాగే ఉంటాయి. కింద మా ఊళ్ళో మే నెలలో అదే తోడు పొద్దున్నకి పుల్లబడిపోతుంది. బాక్టీరియా వేరు, ఎంజైమ్‌లు వేరు, సూత్రం ఒకటే. చెరకు కోత డిసెంబరులో మొదలై మార్చి దాటుతుంది. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల దగ్గర కోసిన చెరకూ, మార్చి మధ్యాహ్నం 38 డిగ్రీల ఎండలో ట్రాలీ మీద ఉన్న చెరకూ ఒకటి కాదు. 20 డిగ్రీల తేడా అంటే సుమారు నాలుగు రెట్ల వేగం. జనవరిలో ఒక రోజంతా పట్టే నష్టం మార్చిలో ఆరు గంటల్లో అయిపోవచ్చు. తాతయ్య సంక్రాంతి ముందు కొంచెం నిదానంగా ఉండేవాడు, శివరాత్రి దాటాక మాత్రం కూలీల మీద అరిచేవాడు. ఆయన కోపానికి కూడా ఒక గ్రాఫు గీయొచ్చు.

అయితే గ్రాఫు ఎల్లకాలం పైకే పోదు. వేడి మరీ పెరిగితే ప్రోటీన్ మడతలు విప్పుకుని గుంట ఆకారం చెడిపోతుంది. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిది కానట్టే, ఉడికిన ఎంజైమ్ మళ్ళీ పనిచేయదు. ఇక్కడే నాకు తాతయ్య పొయ్యి అర్థమైంది. రసం పెనంలో పడగానే పిప్పి ఎగదోసి మంట బాగా పెంచేవాడు. గోరువెచ్చగా ఎక్కువసేపు ఉండటమే అన్నిటికన్నా చెడ్డది. ఎంజైమ్‌కి అది పండగ. త్వరగా మరుగు పట్టిస్తే దాని కథ ముగుస్తుంది. ఆ తర్వాత 118 డిగ్రీల దగ్గర పాకం దించేదాకా ఉన్న పని వేరే.

కానీ ఎంజైమ్ చచ్చినా ప్రమాదం పోలేదు. మరిగే ద్రావణంలో ఆమ్లం ఉంటే ఆమ్లమే సుక్రోజ్‌ని విడగొడుతుంది. అందుకే సున్నం. చెరకు రసం పీహెచ్ సహజంగా 5, 5.5 మధ్య ఉంటుంది. ఆమ్ల ఇన్వర్టేజ్‌కి దాదాపు అక్కడే బాగా సరిపడుతుంది. సున్నపు తేట కాస్త పోస్తే పీహెచ్ పైకి జరిగి ఎంజైమ్‌కీ ఇబ్బంది, ఆమ్లానికీ బలం తగ్గుతుంది, మడ్డి కూడా పైకి తేలుతుంది. బెండ జిగురు కూడా ఆ మడ్డి పట్టడానికే. మరి సున్నం ఎక్కువ పోస్తే ఇంకా మంచిదా? కాదు. క్షారంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ చెడి బెల్లం నల్లబడుతుంది. తాతయ్య సున్నం కొలిచింది గరిటెతో, చూసింది రసం రంగుని. పీహెచ్ పేపరు ఆయన దగ్గర లేదు.

ఎలెక్టివ్‌లో చిన్న ప్రాజెక్టు చేయమన్నప్పుడు నేను సెలవుల్లో ఇంటికి హ్యాండ్ రిఫ్రాక్టోమీటర్ తీసుకెళ్ళాను. ఒకే మడిలో కోసిన గడలు, కొన్ని నీడలో, కొన్ని ఎండలో. రోజుకోసారి రసం తీసి బ్రిక్స్ చూడటం. బ్రిక్స్ అంటే రసంలో కరిగి ఉన్న ఘనపదార్థం శాతం అనుకోవచ్చు. మూడో రోజుకి ఎండలో గడల బ్రిక్స్ తగ్గలేదు, పెరిగింది. మా నాన్న అద్దంలోంచి చూసి, "అయితే మీ తాత చెప్పింది తప్పంటావా?" అన్నారు.

తప్పు కాదు. రెండు కారణాలు. ఒకటి, గడలో నీళ్ళు ఎండిపోయాయి కాబట్టి మిగిలిన రసం చిక్కబడింది. రెండు, సుక్రోజ్ విడిపోయేటప్పుడు ఒక నీటి అణువుని తనలో కలుపుకుంటుంది. 342 గ్రాముల సుక్రోజ్ విడిపోతే 360 గ్రాముల గ్లూకోజ్, ఫ్రక్టోజ్ వస్తాయి. చక్కెర పోయినకొద్దీ మీటరు ఎక్కువ చూపిస్తుంది. నాలుకా అంతే, తియ్యగా ఉందనే చెప్తుంది. నిజం తెలియాలంటే పోలారిమీటర్ కావాలి, లేకపోతే పాకం దించి దిమ్మ పొయ్యాలి. నాన్నకి ఇది చెప్పాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "అందుకేనమ్మా, యార్డులో ఎవడికీ నష్టం కనిపించదు."

ఆ మాట వెనక మా ఇంటి సంగతి ఒకటుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా రెండెకరాల చెరకు ఫ్యాక్టరీకి తోలాం. కటింగ్ ఆర్డరు వచ్చింది, కోశాం, ట్రాక్టరు వెళ్ళింది. మిల్లు మధ్యలో ఆగింది. మూడు రాత్రులు నాన్న యార్డులో ట్రాలీ కిందే పడుకున్నారు. నాలుగో రోజు తూకం వేస్తే, కోసినప్పుడు మేము వేసుకున్న అంచనా కన్నా బరువు బాగా తగ్గింది. ఎవరూ మోసం చేయలేదు. నీళ్ళు ఎండిపోయాయి, అంతే.

చెరకు ధర ఎలా కడతారో ఇంజనీరింగ్ చదివే మనం తెలుసుకోవాలి. కేంద్రం ప్రతి ఏడాదీ ఎఫ్‌ఆర్‌పీ అనే కనీస ధర ప్రకటిస్తుంది. 2024–25 సీజన్‌కి అది 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకి 340 రూపాయలు. రికవరీ అంటే వంద కిలోల చెరకు నుంచి వచ్చిన పంచదార కిలోలు. ఆ సీజన్‌లో 10.25 దాటిన ప్రతి 0.1 శాతానికి 3.32 రూపాయలు అదనం. కానీ రికవరీ ఫ్యాక్టరీ మొత్తానికి లెక్క, రైతు రైతుకి కాదు. రైతు చేతికి డబ్బు వచ్చేది బరువు మీద. కాబట్టి ఆలస్యమైతే రైతుకి నీటి బరువు పోతుంది, ఫ్యాక్టరీకి సుక్రోజ్ పోతుంది, రికవరీ పడిపోయి మరుసటి ఏడాది అందరి ధరా కుంగుతుంది. ఇద్దరి తక్కెళ్ళూ వేరు, రెండింట్లోనూ నష్టమే. ఆ నష్టం ఎవరి జేబులోకీ పోలేదు. క్యూలో నిలబడిన గంటల్లో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారి ట్రాలీలోనే ఉంది, తియ్యగా.

ఆ తర్వాత నాన్న ఒక ఎకరంలో సరుగుడు వేశారు. సరుగుడు కోస్తే ఆగుతుంది, వారం ఆగినా కర్ర కర్రే. మా జిల్లాలో చెరకు ఫ్యాక్టరీలు కొన్ని మూతపడ్డాయి, చాలామంది అదే దారి పట్టారు. కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఎంజైమ్ మీద తోయను. కానీ మూతపడిన ఫ్యాక్టరీ చెరకు ఇంకో ఫ్యాక్టరీకి వెళ్ళాలంటే దూరం పెరుగుతుంది, దూరం పెరిగితే గంటలు పెరుగుతాయి, గంటలు పెరిగితే ఏమవుతుందో పైన లెక్క వేశాం.

చేయగలిగింది లేదా? ఉంది, అందులో చాలావరకు ఖరీదైనది కాదు. కోసిన గడల్ని నీడలో పేర్చి, చెరకు ఆకు కప్పి, నీళ్ళు చల్లడం. ఉష్ణోగ్రత తగ్గుతుంది, ఎండటం తగ్గుతుంది. మిల్లు ఎంత ఆడగలదో అంతకే కోత ఇవ్వడం. మార్చి కోతకి జనవరి కన్నా తక్కువ వ్యవధి పెట్టడం. అనకాపల్లి పరిశోధన స్థానం ఇచ్చిన 87ఎ298, మా వైపు విశ్వామిత్ర అనే రకం, అలాంటి రకాల్లో ఏది కోశాక ఎంతసేపు ఆగుతుందో రైతుకి తెలియజెప్పడం. ఒక షెడ్యూలింగ్ యాప్ రాయగలవాళ్ళు మన క్లాసులోనే పదిమంది ఉన్నారు. అందులో ట్రాక్టరు నంబరు, కోసిన టైము, ఆ రోజు ఉష్ణోగ్రత ఉంటే చాలు, ఎవరి చెరకు ముందు దించాలో మైకేలిస్, మెంటెన్ ఎప్పుడో చెప్పేశారు.

ఇన్వర్టేజ్‌ని తిట్టి ముగించడం మాత్రం న్యాయం కాదు. చింతపల్లి అడవుల్లో తేనెటీగ పూల మకరందంలో కలిపేది కూడా ఇన్వర్టేజే. అక్కడ సుక్రోజ్ విడిపోవడమే కావాలి, అది విడిపోతేనే తేనె. ఒకే చర్య, కొండ మీద తేనెకి వరం, కొండ కింద బెల్లానికి చేటు. మంచీ చెడూ దానిలో లేవు. దానికి మనం ఎంత టైము ఇస్తున్నాం అన్నదాంట్లో ఉన్నాయి.

ఈసారి సంతలో బెల్లం కొనేటప్పుడు రుచి ఒక్కటే చూడకండి, రుచి అబద్ధం చెప్తుంది. దిమ్మని గోరుతో నొక్కండి. పలుకు పలుకుగా విరిగి గట్టిగా ఉంటే, ఎక్కడో ఎవరో ఆ చెరకుని పొద్దున్న కోసి పొద్దు గూకేలోపు గానుగ ఎక్కించి ఉంటారు. వేలికి బంకగా అంటుకుని, వానాకాలంలో చెమర్చి కారిపోతుంటే, అందులో కొంత ఎవరో రైతు యార్డులో ట్రాలీ కింద పడుకున్న రాత్రి అయి ఉండొచ్చు.